జ్ఞానదంతపు వెల

మనుష్యునికి పదునేడు, పదునెనిమిది ఏండ్లు దాటిన పిమ్మట దవడల చివర మొలచు పన్నుకు జ్ఞానదంతమని పేరు. బుద్ధి వికసించు వయస్సున వచ్చునది గనుక ఆ పేరు కలిగినదని పెద్దలందురు. లాటిను భాషలోను దానికి అదే అర్థమిచ్చు పేరున్నది. మన కామాఠీపురా గల్లీలలో మాత్రము దానిని ఆ పేరుతో పిలుచువారు అరుదు. మరాఠీ, హిందూస్థానీ ఇరుగుపొరుగువారివలె మనవారును "అక్కల్ డాఢ్" అనియే అందురు. అంతవరకు తెలుగున సాగిన మాట పంటి పేరు దగ్గర మారిపోవుట వినినచో, మనము ఈ నగరమున ఎన్ని తరములుగా ఉన్నామో తెలియగలదు.

నిజాము రాజ్యపు తెలుగు జిల్లాలనుండి వచ్చిన కూలీలు, మేస్త్రీలు పదునెనిమిదవ శతాబ్దము చివర ఈ పల్లపు నేలమీద కాపురము పెట్టిరనియు, ఆ కామాఠీలవలననే పేటకు ఈ పేరు వచ్చినదనియు ఈ సంచిక చదువువారికి వేరుగా చెప్పనక్కరలేదు. మనము రాళ్ళు మోసినవారి, మగ్గము నేసినవారి, బీడీలు చుట్టినవారి సంతతివారము. దేహమందలి నొప్పి వారికి ఒక వార్త కాదు. ఓర్చుకొనుట మన చాళ్ళలో ఒక మర్యాదగా స్థిరపడినది. పన్ను నొచ్చినచో ఒక లవంగము, ఉప్పునీరు. అది చాలకున్న మందుల దుకాణమున ఒక మాత్ర. వైద్యుని మాట అటు తరువాతిది.

గత సంవత్సరము వర్షాకాలమున నా కుడి క్రింది దవడ చివర వాపు బయలుదేరినది. మొదటి దినము అన్నము నమలలేకపోతిని. మూడవనాటికి నోరు రెండు వ్రేళ్ళ మేర కూడ తెరచుకొనలేదు. ఇతర ప్రదేశములలో ఇది పంటినొప్పి యగును. మన చాళ్ళలో నోరు తెరచుకొనకపోవుటకు వేరొక అర్థమున్నది. గుట్కా నమలిన యువకుల చెంపలు లోపల గట్టిపడి, నోరు క్రమక్రమముగా మూసుకొనిపోవుటను మనమందరము చూచినవారమే. మహారాష్ట్ర ప్రభుత్వము 2012లో గుట్కాను నిషేధించినను ఆ అలవాటు అంతటితో అంతరించలేదు. పరేలులో 1941లో వెలసిన టాటా స్మారక ఆసుపత్రి దేశమునకెల్ల ఉపకారము చేయుచున్నది. ఐనను దాని పేరును మన గల్లీలలో బిగ్గరగా పలుకుటకు జంకుదురు. "పరేల్‌కు పోతున్నరట" అన్నచో విన్నవారు తల దించుకొందురు.

నేను తంబాకు ముట్టినవాడను కాను. మా అమ్మకు ఆ సంగతి తెలియును. ఐనను ఆమె రెండు దినములు నాతో మాట్లాడలేదు. గ్యాలరీలో కూర్చుండి బియ్యము ఏరుచుండెను. ఏరిన బియ్యమునే మరల చేటలో పోసికొని ఏరుచుండెను. మా బాపు చెంపమీద చిన్న పుండుగా మొదలైన వ్యాధి ఏ విధముగా ముగిసినదో ఆమె ఎదుట ఎవరును ఎత్తరు.

మొదట ఒక ప్రైవేటు దంతవైద్యుని వద్దకు పోతిని. ఆయన మర్యాదగానే చూచి, క్రింది జ్ఞానదంతము అడ్డముగా పడియున్నదనియు, పై పన్ను దిగివచ్చి చిగురును కొరుకుచున్నదనియు, రెంటిని తీయవలెననియు చెప్పినారు. పంటికి 9000 రూపాయలు. మాది పాత పగ్డీ ఖోలీ గనుక అద్దె నెలకు 400 మాత్రమే. అనగా ఒక్క పంటి వెల మా ఇంటి అద్దె రెండేండ్లకు ఇంచుమించు సమానము. ఆయనను నేను తప్పుపట్టను. ఆ కుర్చీకి, ఆ యంత్రములకు, రోడ్డుమీది ఆ గదికి ఆయన ఎంత ఇచ్చుచున్నాడో ఎవరికెరుక? కాని ఇంటిలో ఉన్న పైకము చిట్టి పాడగా వచ్చినది. అది అమ్మాయి కళాశాల రుసుమునకై పెట్టె అడుగున ఉన్నది. ఆ రాత్రి నా భార్య పెట్టె తెరచి ఆ పైకమును చాప మీద పెట్టినది. నేను దానిని తిరిగి పెట్టెలో పెట్టితిని. ఇద్దరమును మాట్లాడలేదు.

మరునాడు ఉదయము మా అమ్మ నోరు విప్పినది. "నాయర్‌కు పోదాం నడు బిడ్డా. గక్కడ సదువుకునే పిల్లలు సూస్తరు గని, పెద్ద డాక్టర్లు ఎనుక నిలవడే ఉంటరు. నా పండ్లు గాడనే కదా కట్టిచ్చుకున్న."

ముంబయి సెంట్రల్ సమీపమున ఉన్న నాయర్ దంత వైద్య కళాశాల 1933 నాటిది; నగరపాలక సంస్థవారి ఆధీనమున నడచుచున్నది. మన గల్లీలనుండి కాలినడకన పోవచ్చును. భారతదేశమున మొట్టమొదటి దంత వైద్య కళాశాలను డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించిన పదుమూడేండ్లకే ఇది మన పొరుగున వెలసినదన్నమాట. విద్యార్థులు చేతిపని నేర్చుకొనవలెను, రోగులకు వైద్యము కావలెను. ఈ రెండు అవసరములు ఒక కుర్చీ వద్ద కలిసికొనుటచేతనే అచ్చట ఖర్చు స్వల్పము. ఈ ఏర్పాటులో దానము లేదు, చిన్నతనమును లేదు. మనవారిలో కొందరు కాస్త జీతము పెరుగగానే ఈ మెట్లు ఎక్కుటకు సిగ్గుపడుదురు. ఆ సిగ్గు నాకు అర్థము కాదు.

కేస్ పేపరు చేతబట్టుకొని వరుసలో నిలిచితిమి. దవడ యావత్తును ఒక్క పటమున చూపు ఎక్స్‌రే తీసినారు. మా అమ్మాయి వయస్సున్న విద్యార్థిని దానిని వెలుతురుకు పట్టి చూపినది. క్రింది పన్ను నిలువుగా లేచుటకు చోటు లేక, ముందున్న పన్నును తలతో పొడుచుచున్న పొట్టేలువలె పండుకొని ఉన్నది. సగము లేచిన పంటిపై చిగురు ఒక మూతవలె నిలిచి, దాని క్రింద అన్నపు మెతుకులు చిక్కి, చీము పట్టినది. వాపువలన దవడ కండరములు బిగిసినవి. నోరు తెరచుకొనకపోవుట అందువలననే. ఈ జబ్బు కొత్తది కాదు. దవడ చివరి పంటి వద్ద పెద్ద వాపు, తీవ్రమైన నొప్పి, లాలాజలము కారుట కలిగిన వ్యాధిని సుశ్రుతుడు అధిమాంసకమను పేర వర్ణించియున్నాడు.

మా అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే. మరాఠీ, హిందీ కలిపి, "గాఠ్ తో నహీ నా?" అన్నది. వెనుక నిలిచిన ఆచార్యులు నా చెంప లోపల వ్రేలితో తడిమి చూచి, గడ్డ కాదనియు, చెంప మెత్తగానే ఉన్నదనియు చెప్పినారు. అమ్మ అచ్చటనే బల్లమీద కూర్చుండిపోయినది. కొంత సేపటికి లేచి, పై పన్ను తీసినచో కన్ను పోవునందురే, నిజమా అని కూడ అడిగినది. కంటిచూపు నరము వేరు, పంటి నరము వేరని ఆమె నవ్వుచు సమాధానమిచ్చినారు. ఈ భయము మన చాళ్ళలో ఎంతమందిని వెనుకకు లాగుచున్నదో లెక్కలేదు.

చీము ఉండగా మత్తుమందు సరిగా పనిచేయదు గనుక మొదట వాపు తగ్గుటకు మందులిచ్చి, పది దినముల పిమ్మట రమ్మనినారు. పన్ను తీయుటకు ముందు ఒక కాగితముపై సంతకము చేయించుకొనిరి. క్రింది పెదవికి స్పర్శనిచ్చు నరము ఆ పంటి వేళ్ళకు అతి సమీపమున పోవును. అరుదుగా కొంతకాలము, మిక్కిలి అరుదుగా ఎల్లప్పుడును, పెదవి మొద్దుబారవచ్చును. ఆ సంగతి దాచక ముందుగా చెప్పుట నాకు నచ్చినది.

మత్తుమందు విషయము కొంత చెప్పవలెను. 1846లో బోస్టను నగరమున మోర్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరితో రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయించగలిగెను. ఇప్పుడు పంటికి సర్వత్ర వాడబడు లిగ్నొకెయిన్‌ను 1943లో స్వీడను దేశమున లోఫ్‌గ్రెన్ కనిపెట్టెను. దానికి పూర్వము మన తాతలు పాదచారుల బాటమీద చాప పరచి కూర్చున్నవాని వద్ద పళ్ళు తీయించుకొనిరి. సూది దిగిన కొలది నిమిషములకు నా పెదవి నాది కాకుండ పోయినది. ప, బ, మ అను అక్షరములు నోట రాలేదు. "అమ్మా" అని పిలువబోగా గాలి మాత్రము వచ్చినది. చిగురు కోసి, కొంత ఎముకను తొలిచి, పన్నును రెండు ముక్కలుగా చీల్చి తీసినారు. నొప్పి లేదు. దవడను ఎవరో బలముగా నెట్టుచున్నట్లు మాత్రము తెలిసినది. ముప్పావు గంటలో రెండు పళ్ళును పళ్ళెములో పడినవి, కుట్లును పడినవి.

కష్టమంతయు తరువాతిదే. తీసినచోట గడ్డకట్టిన రక్తమే గాయమునకు కప్పు. అది ఊడినచో ఎముక బయటపడి, మూడవనాటినుండి చెప్పరాని నొప్పి పుట్టును. అందుచేత ఉమ్మరాదు, పుక్కిలించరాదు, గొట్టముతో పీల్చరాదు, పొగ త్రాగరాదు. ఒక దినము గడచిన పిమ్మట గోరువెచ్చని ఉప్పునీరు నోట నింపుకొని, తల వంచి తనంతట జారవిడువవలెను. ఐదుగురము ఉన్న ఖోలీలో ఒకే మోరి. వంట కడుగుట, స్నానము, పాత్రలు అన్నియు అక్కడనే; భోజనమైన ప్రతిసారి నేను మోరి ముందు తల వంచి నిలిచినచో ఇల్లంతయు ఆగిపోవును. తల ఎత్తు పెట్టి పండుకొనవలెనన్నారు. పరచిన పడకల నడుమ నాకొక మూల గోడకు చేరవేసి, అమ్మాయి తన పుస్తకముల సంచిని దిండు క్రింద పెట్టినది. చెంపకు పెట్టుటకు బర్ఫును క్రింది గోలావాడు ఇచ్చి పైకము తీసికొనలేదు.

మొదటి రెండు దినములు చల్లారిన రాగి జావ, మజ్జిగ. మూడవనాడు పెరుగన్నము మెదిపి. తరువాత మెత్తని జొన్న గట్క, కారము తగులరాదు. పక్క ఖోలీ గుజరాతీ వదిన పలుచని ఖిచిడీ పంపినది. పై అంతస్తు యువకుడు ఒకడు, అంతకు ముందే పన్ను తీయించుకొని రెండవనాడే బీడీ ముట్టించి వారము దినములు నిద్రలేక తిరిగినవాడు, ప్రతి సాయంత్రము వచ్చి నన్ను పరీక్షించి పోవుచుండెను. వైద్యులకంటె అతని బెదిరింపు నాకు ఎక్కువ పనిచేసినది.

ఇక లెక్క. కేస్ పేపరు, ఎక్స్‌రే, పళ్ళు తీయుట, బయట కొన్న మందులు అన్నియు కలిసి నా రెండు దినముల సంపాదనకు మించలేదు. కాని నేను లెక్కలు వ్రాయు బట్టల దుకాణమున పనికి పోని దినమునకు జీతము లేదు. మొదటి వాపు నాటినుండి కుట్లు తీయువరకు తొమ్మిది దినములు పోయినవి. ఉచితముగా వైద్యము దొరకినను మనవారు పంటినొప్పిని ఏండ్ల తరబడి లవంగముతో నెట్టుకొనివచ్చుటకు ఇదియే కారణమని నాకు తోచుచున్నది. వైద్యశాల వెల తగ్గించినది. సెలవు వెల ఎవరును తగ్గించలేదు. చిట్టి పైకము ముట్టలేదు గాని, దసరాకు ఊరికి పోవు ప్రయాణము మానుకొంటిమి. మా అమ్మ ఆ సంవత్సరము బతుకమ్మను గల్లీలోనే ఆడినది.

క్రింది పెదవి మూల కొంతకాలము చీమలు ప్రాకినట్లుండి, దీపావళి నాటికి సరియైనది. జొన్నరొట్టె నమలుచున్నాను. ఎడమవైపు జ్ఞానదంతములు రెండును నిటారుగానే ఉన్నవి. బాధ లేనంతవరకు వానిని కదపనక్కరలేదని ఆచార్యులు చెప్పినారు. మా అమ్మ మాత్రము నెలకొకసారి నన్ను గ్యాలరీ వెలుతురునకు పిలిచి, నోరు తెరువుమని, తన మూడు వ్రేళ్ళు నిలువుగా పెట్టి కొలిచి చూచుచున్నది.