ముక్కు దిబ్బడకు కొలత

ముక్కు ఎంత మూసుకుపోయిందో కొలవవచ్చంటే మా ఆస్పత్రికి వచ్చేవాళ్లు నవ్వుతారు. నిజంగానే కొలవవచ్చు. రైనోమానోమీటర్ అనే యంత్రం ఉంది. ఒక రంధ్రానికి సన్నని గొట్టం బిగించి, రెండో రంధ్రంతో గాలి పీల్చమంటారు. 150 పాస్కల్‌ల ఒత్తిడి దగ్గర సెకనుకు ఎంత గాలి పోతున్నదో చూసి, ముక్కు ఎంత అడ్డుతున్నదో లెక్కగడతారు.

మా దగ్గర అది లేదు, స్టీలు పలక ఉంది. చల్లటి పలకను ముక్కు కింద పెడితే రెండు ఆవిరి మరకలు పడతాయి. మరక చిన్నదైన వైపు గాలి తక్కువన్నమాట. (గుంటూరు మే ఎండల్లో కుండనీళ్లలో ముంచి తుడవకపోతే మరకే పడదు!)

కొన్నేళ్ల క్రితం, మిర్చి కాలంలో ఒకామె వచ్చింది. తొడిమలు తీసే కూలి. ఆ ఘాటుకు ఎవరికైనా ముక్కు కారుతుంది గాని, ఆమెకు రెండేళ్లుగా దిబ్బడే. చూస్తే ముక్కు దూలం ఎడమకు వంగి ఉంది. పలక మీద ఎడమ మరక లేదు. ఇంకేముంది, ఆపరేషనుకు చీటీ రాసేశాను.

"రెండు వారాల కూలి పోద్దండీ. అప్పు తెచ్చుకుంటాలే" అంది.

సాయంత్రం చీటీ మీద ముద్ర కోసం మళ్లీ వచ్చింది. ఎందుకో పలక ఇంకోసారి పెట్టాను. ఈసారి కుడి మరక లేదు! దూలం పూటకో వైపు వంగదు గదా.

ముక్కు రెండు వైపులూ వంతులేసుకుంటాయి. కొన్ని గంటలు ఒక వైపు పొర ఉబ్బితే, తర్వాత రెండో వైపు ఉబ్బుతుంది. 1895లో కైజర్ అనే జర్మన్ వైద్యుడు రాసిన సంగతే. నేను చదివి మరిచిపోయాను.

"మందేమైనా వాడుతున్నావా అమ్మా?" అంటే కొంగున కట్టిన చుక్కల సీసా విప్పింది. రోజుకు ఏడెనిమిదిసార్లట. ఆ చుక్కలు రక్తనాళాలను ముడిచి దారి తెరుస్తాయి. వారం దాటి వాడితే, మందు బలం తగ్గగానే పొర మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతుంది. అక్కడే చుక్కలు వేయించి పది నిమిషాలాగి చూశాను. రెండు మరకలూ నిండుగా పడ్డాయి. చీటీ చించేశాను.

చుక్కలు మాన్పించి స్టిరాయిడు స్ప్రే ఇచ్చాను. కాచి చల్లార్చిన గ్లాసెడు నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి ముక్కు కడుక్కోమన్నాను. పనిలో గుడ్డ కట్టుకోమన్నాను. మొదటి నాలుగు రాత్రులు నన్ను తిట్టుకుంటూ కూర్చునే తెల్లవార్చిందట. మూడో వారానికి చుక్కలు లేకుండానే, రెండు పూటలా రెండు మరకలూ కనిపించాయి.

మెంథాల్ బామ్ రాస్తే తెరుచుకుంది గదా అంటారు కొందరు. ఆ చల్లదనం తెరుచుకున్నట్టు అనిపింపజేస్తుంది గాని, కొలిస్తే అడ్డు ఎంతున్నదో అంతే ఉంటుంది.

ఇంట్లో చల్లటి అద్దంతో మీరూ చూసుకోవచ్చు. ఒక్క పూట చూసి నమ్మవద్దు. ఎన్నిసార్లు చూసినా ఒకే వైపు మూసుకుని ఉండి, రక్తం కూడా పడుతుంటే, ఆలస్యం చేయక చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి.