చిటికెన వేలంత డబ్బాలో అయిదొందలు



నేను ఆరో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. ఈ నెల నేను చేసిన ఒక పొరపాటు గురించి, దానివల్ల నేర్చుకున్న ఒక చిన్న పని గురించి మీతో చెప్పుకోవాలనిపించింది.

పిల్లలు స్కూలుకి డబ్బులు తేకూడదన్న నియమం మీకు తెలిసిందే. జూలైలో ఒక రోజు బ్యాగులు చూస్తుంటే, కవిటి వైపు నుంచి బస్సులో వచ్చే ఒక బాబు బ్యాగు జిప్పుకి కీచెయిన్ వేలాడుతూ కనిపించింది. దానికి చిటికెన వేలంత అల్యూమినియం డబ్బా, మర మూత. "ఇందులో ఏముంది?" అని అడిగితే తల దించుకున్నాడు. మూత తిప్పి చూస్తే లోపల బిగుతుగా చుట్టిన కాగితం. గోటితో పట్టి లాగాను. మడత దగ్గర చిరిగింది. అయిదు వందల నోటు!

"అది ఖర్చు పెట్టేది కాదు మేడమ్" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. నేను వినిపించుకోలేదు. డబ్బా, నోటు ఆఫీసులో ఇచ్చి, వాళ్ల అమ్మగారికి ఫోన్ చేశాను.

మర్నాడు ఆవిడ వచ్చారు. కోప్పడలేదు. నెమ్మదిగా ఇలా చెప్పారు.

"తిత్లీ తుపాను అప్పుడు మేడమ్, ఈడికి నాలుగేళ్లు. జ్వరంతో ఒళ్లు కాలిపోతంది. వాళ్ల నాన్న ఊళ్లో లేరు. ఏటీఎం కార్డుంది, కరెంటు లేదు. ఫోనుంది, సిగ్నల్ లేదు. మా మరిది బండిలో పెట్రోలు లేదు. ఏటి సేత్తాం? మా అత్త బొడ్డుసంచిలోంచి మడతపెట్టిన నోటు తీసింది. కొట్లో సీసా పెట్రోలు దాంతోనే, మందులూ దాంతోనే. అప్పట్నుంచి మా ఇంట్లో అందరి దగ్గరా ఒకటుంటాది."

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమవడం, రోడ్ల మీద పడిన చెట్లు నరికితే గాని మనుషులు కదల్లేకపోవడం కళ్లారా చూసినదాన్ని. ఉద్దానంలో పుట్టిన నాకు ఆ నోటు ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కానీ ఆ రోజు నాకు నియమం గుర్తుంది, తుపాను గుర్తు రాలేదు.

బాబుకి నా దగ్గరున్న కొత్త నోటు ఇచ్చాను. చిరిగిన నోటును బ్యాంకులో మార్చుకున్నాను. మనకు ఖాతా లేని బ్యాంకులోనైనా చిరిగిన నోట్లు మారుస్తారు. తర్వాత క్లాసులో అందరి ముందూ వాడికి సారీ చెప్పి, "అంత చిన్న డబ్బాలో ఎలా పెట్టావో మాకు నేర్పుతావా?" అని అడిగాను.

పిల్లలందరికీ 500 నోటు కొలతకి, అంటే 150 మిల్లీమీటర్ల పొడవు, 66 మిల్లీమీటర్ల వెడల్పుతో, కాగితాలు కత్తిరించి ఇచ్చాను. ముందు ఎవరికి తోచినట్టు వాళ్లు సగానికి సగం మడుస్తూ పోయారు. ఆరో మడతకి 64 పొరలై కాగితం ముద్దలా తయారైంది. డబ్బా మూతిలో దూరలేదు. అప్పుడు బాబు లేచాడు. పొడవును సగానికి ఒకసారి, మళ్లీ సగానికి ఇంకోసారి మడిచాడు. ఆ తర్వాత మడవకుండా చాపలా చుట్టాడు. పెన్సిలంత చుట్ట అయి జారిపోయినట్టు లోపలికి వెళ్లింది. "ఫోల్డ్ ఇట్ ట్వైస్. రోల్ ఇట్ స్లోలీ. డోంట్ ప్రెస్ హార్డ్" అని వాడే చెప్పాడు. అన్ని నెలల్లో క్లాసు ముందు నిలబడి వాడు ఇంగ్లీషులో మాట్లాడడం అదే మొదటిసారి.

ఒక అమ్మాయి అడిగింది, "చాక్లెట్ కొనుక్కోవాలనిపించదా?" అని. "మూత తియ్యడం ఈజీయే. మళ్లీ చుట్టడమే కష్టం" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం అందులో పెద్ద విషయమే కనిపించింది. జేబులో నోటైతే చెయ్యి పెట్టగానే వస్తుంది. డబ్బాలో నోటు తీసేలోగా "ఇప్పుడు నిజంగా అవసరమా?" అని ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది.

ఈ రోజుల్లో మనలో చాలామందిమి ఫోనుతోనే డబ్బులు ఇస్తున్నాం. పిల్లల దగ్గర ఫోను ఉండదు. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల నెలలు. అందుకే మీరు కూడా ఇలాంటిది ఒకటి ఇవ్వాలనుకుంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. మూత లోపల రబ్బరు రింగు ఉన్న డబ్బా కొనండి, వాన నీరు చేరదు. నోటును గట్టిగా నొక్కి మడవకండి. మన నోట్ల కాగితం దూదితో చేసినదే అయినా, మడత మీద మడత పడితే అక్కడే చిరుగుతుంది. ప్రతి టర్మ్ మొదట్లో తీసి, చూసి, నోటు మార్చండి. దాంతో పాటు మీ ఫోన్ నంబర్లు రెండు రాసిన చీటీ కూడా చుట్టి పెట్టండి. మన పిల్లల్లో చాలామందికి అమ్మ నంబరు నోటికి రాదని అదే రోజు క్లాసులో తెలిసింది.

ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. డైరీలో మీరు రాసి సంతకం పెడితే, ఆ డబ్బా బ్యాగుకే ఉంచుకోవచ్చన్నారు. అది ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు తియ్యకూడదో మాత్రం ఇంట్లో మీరే కూర్చోబెట్టి చెప్పాలి.

ఇక మీదట పిల్లల దగ్గర ఏదైనా కనిపిస్తే మూత తిప్పే ముందు ఎందుకని అడుగుతాను. చెప్పింది వింటాను.

మీ
ఆరో తరగతి ఇంగ్లీషు టీచర్