నాలుగో వైరు

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు నయాగరా గురించి చెప్తారు. నేను మాత్రం ఓ పాత బండి దగ్గు గురించి చెప్పాలి. వింటారా మరి?

2023లో మేమిద్దరం హ్యూస్టన్‌లో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్ళు ఉండి వచ్చాం. వాడికి రెండు కార్లున్నాయి. అవి చాలనట్టు తోటకి మట్టీ, షెడ్డుకి చెక్కలూ మోసుకురావడానికని 1994లో తయారైన పికప్ ట్రక్కు ఒకటి కొన్నాడు. ముందు కాబిన్, వెనక పైకప్పులేని తొట్టి. మన మార్కెట్లకి కూరగాయలు తెచ్చే బళ్ళలాంటిదే, కాకపోతే భారీ మనిషి.

ఆ బండికో జబ్బు. స్టార్టయ్యేది గానీ, ఎర్రలైటు దగ్గర ఆగితే చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఎక్కిళ్ళు. రాత్రి వాన పడి తెల్లారితే మరీను. "ఇంజను మిస్సవుతోంది" అన్నారు మావారు మొదటిరోజే. ఎవరు విన్నారు?

ఆ ఇంట్లో ఆయనంటే ప్రేమ లేక కాదు. "మీరు విశ్రాంతి తీసుకోండి మావయ్యగారూ" అని కోడలు. "మీకెందుకు నాన్నా శ్రమ" అని కొడుకు. నాకేమో వంటిల్లుంది, మనవరాలి జడలున్నాయి. ఆయనకి సోఫా ఉంది.

మా వాడు కార్లకి తగిలించే చిన్న పరికరం ఒకటి తెచ్చాడు. 1996 నుంచి అక్కడ అమ్మే కార్లన్నిటికీ ఒకేరకం సాకెట్టు ఉంటుందట. దానికి తగిలిస్తే ఏ సిలిండరు మిస్సవుతోందో నంబరుతో సహా చెప్పేస్తుంది. ఇది అంతకు రెండేళ్ళు ముందుది, నోరులేని రోగి. "అయితే ప్లగ్గులూ, వైర్లూ, కాయిలూ, పెట్రోలు పంపూ అన్నీ మార్చిపారేస్తా" అన్నాడు.

"రోగం తెలీకుండా మందేమిట్రా? ఒక్కో వైరూ పీకి చూడు" అన్నారు మావారు. ఉద్యోగకాలమంతా పాత పెట్రోలు జీపులో క్యాంపులు తిరిగినవారు. అది నడిరోడ్డుమీద మొరాయించినప్పుడల్లా డ్రైవరు పక్కన నిలబడి నేర్చుకున్న విద్య.

శనివారం పొద్దున్న తండ్రీకొడుకులు వాకిట్లో బానెట్ ఎత్తారు. ఆరు సిలిండర్లు, ఆరు ప్లగ్గులు, ఒక్కో ప్లగ్గుకి ఒక్కో వైరు. ఇంజను ఆపి ఒక వైరు పీకడం, కాసేపు నడిపి వినడం, మళ్ళీ తగిలించడం. ఎక్కువసేపు నడపకూడదట. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, పొగని శుభ్రంచేసే ఖరీదైన భాగాన్ని మాడ్చేస్తుందట. పనిచేస్తున్న సిలిండరు వైరు పీకితే ఇంజను ఇంకాస్త కుంటుతుంది. పీకినా తేడా రాలేదంటే అది ముందునుంచీ పనిచెయ్యడం లేదన్నమాట. నాలుగోది పీకారు. ఏ తేడా లేదు!

నా నోరు ఊరుకుంటుందా! కాఫీ పట్టుకెళ్ళి, "ఈ పరీక్షేదో సంసారానికీ పనికొచ్చేట్టుందిరా. నేను నాలుగురోజులు లేకపోతే ఇల్లు కుంటుతుంది. మీ నాన్నగారి వైరు పీకి చూడు, ఎవరికైనా తెలుస్తుందేమో!" అన్నాను. కోడలు పకపకా నవ్వింది. అబ్బాయీ నవ్వాడు. ఆయనా నవ్వారు. నవ్వి, చేతిలో పటకారు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని లోపలికెళ్ళిపోయారు. కాఫీ అలాగే చల్లారిపోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆయన ఎక్కడా కనిపించలేదు. వాకిట్లో ఇంజను చప్పుడు. గాభరాగా వెళ్ళాను. చీకట్లో బండి ముందు నిలబడి ఉన్నారు. చేతిలో కోడలు ఇస్త్రీకి నీళ్ళు చల్లుకునే సీసా.

"లైటు వెయ్యకు. దూరంగా నిలబడి ఇటు చూడు" అని వైర్లమీద సన్నటి తుంపర కొట్టారు. నాలుగో వైరు మధ్యలోంచి దారప్పోగంత నీలిమెరుపు చిటచిటమంటూ పక్కనున్న ఇనుముమీదికి దూకింది.

"సిలిండరు చావలేదోయ్. ఇందాక ప్లగ్గు తీసి చూశాను, పెట్రోలుతో తడిసి ఉంది. అంటే పెట్రోలు వస్తూనే ఉంది, నిప్పే అందడం లేదు. వైరు తొడుగు పగిలి నిప్పంతా దారిలోనే పోతోంది. తడి తగిలితే మరీ పోతుంది" అన్నారు.

ఆ మెరుపు వంకే చూస్తూ నిలబడ్డాను. రెండునెలలుగా ఆ సోఫాలో ఆయన కూచున్న తీరు కళ్ళకి కట్టింది.

"పొద్దున్న నేనలా అనకుండా ఉండాల్సిందండీ" అన్నాను.

"ఏమన్నావు?" అన్నారు, సీసా మూత బిగిస్తూ. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం మాది. ఆయన అబద్ధమాడితే నాకు తెలీదూ!

వైర్ల సెట్టు ఒక్కటే మార్చారు. ఇంజను కుట్టుమిషనులా నడిచింది. "మీరు చెప్పకపోతే పంపు కూడా పీకేసేవాణ్ణి నాన్నా" అన్నాడు మా వాడు. ఆ పైవారం వాడే వచ్చి, "నాన్నా, బ్రేకుల సంగతి చూద్దామా?" అని అడిగాడు. మావారు సోఫాలోంచి లేచిన వేగం చూస్తే మోకాళ్ళనొప్పులు ఎవరివో అనుకున్నాను.

ఇదివరకు ఆదివారం వాడి ఫోనొస్తే ఆయన "బాగున్నావా" అని, "ఇదిగో అమ్మ" అంటూ నాకిచ్చేసేవారు. ఇప్పుడు రేడియేటరనీ, బెల్టనీ ఒకటే కబుర్లు. నా వంతు వచ్చేసరికి పొయ్యిమీద పప్పు అడుగంటుతోంది. అంటితే అంటనీ.