శంఖమూ, గడ్డిపరకా

రాత్రి తొమ్మిదయ్యేసరికి మా యింట్లో మూడు చార్జింగులు మొదలవుతాయి. మావారి సెల్‌ఫోను, మా అబ్బాయి సెల్‌ఫోను, నా చెవి. నవ్వకండి. చెవి వెనక తగిలించుకునే ఆ చిన్న యంత్రంలో బ్యాటరీ అయిపోయిందంటే నేను మళ్ళీ అచ్చంగా చెవిటిదాన్నే.

కళ్ళులేని వాళ్ళని చూస్తే లోకం "అయ్యో" అంటుంది. చెవులు వినపడని వాళ్ళని చూస్తే నవ్వుతుంది. చెవిటి మామగారు కనిపించని హాస్యనాటిక మీరు చూశారా? సామెతలకైతే కొదవే లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదటం వాటిలో మొదటిది. కానీ ఆ శంఖాన్నే నిజంగా చేతిలోకి తీసుకున్న మనిషి ఒకడున్నాడు. ఆస్ట్రేలియా డాక్టరు గ్రేమ్ క్లార్క్. ఆయన తండ్రికి సరిగా వినపడేది కాదు. మన లోపలి చెవి శంఖంలా చుట్టలు తిరిగి వుంటుంది కదా, అందులోకి తీగ ఎలా పోనివ్వాలా అన్నది ఆయనగారి బెంగ. 1977లో సముద్రపు ఒడ్డున ఓ శంఖంలోకి గడ్డిపరక దూర్చి చూశాడు. మొదలు బిరుసుగా, కొస మెత్తగా వున్న పరక చక్కగా చుట్టు తిరుగుతూ లోపలికి పోయింది. మరుసటి యేడే, 1978లో, మెల్బోర్న్‌లో ఆపరేషను చేశాడు.

నా తలలో వున్నది అలాంటి గడ్డిపరకే. దాని మీద 22 చుక్కలు. దేవుడిచ్చిన చెవిలో లోపలి వరసలోనే కేశకణాలు సుమారు 3,500. అన్ని వేల మంది చేసే పనిని యిరవై యిద్దరి చేత చేయించుకుంటున్నాను. యంత్రం శబ్దాన్ని కరెంటుగా మార్చి నేరుగా నరానికి అందిస్తుంది. అది మాటో, మూకుడు చప్పుడో తేల్చుకోవలసింది నా మెదడు.

ఆపరేషనైన కొద్దివారాలకి యంత్రం పెట్టారు. మావారు "ఏమే, వినొస్తున్నదా?" అన్నారు. రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి గిలకరించినట్టు వచ్చిందా మాట. పదహారేళ్ళు కాపురం చేసిన గొంతది! ఎవరో పరాయి మనిషి ఆయన చొక్కా తొడుక్కుని వచ్చినట్టనిపించింది. ఆర్నెల్లు పట్టింది ఆయన ఆయనలా వినపడటానికి. అదీ ముప్పాతిక వంతే.

విచిత్రమేమిటంటే, నాగర్‌కర్నూలులో వున్న మా తమ్ముడి కూతురు "అత్తా!" అంటే మాత్రం మొదటిరోజు నుంచే ముద్దుగా వినిపించింది. నాకు పూర్తిగా చెవుడు వచ్చాక పుట్టిన పిల్ల అది. దాని గొంతుకి నా దగ్గర పాత కాపీ లేదు, పోల్చి చూసుకోవటానికి.

ఖర్చా? గద్వాలలో ఓ యింటిస్థలం అమ్మేశాం. తమ్ముడి మాటల్లో, "అక్క చెవిల ప్లాటున్నది." 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ముందుగా ఎంచుకున్న మూడు జిల్లాల్లో మా పాలమూరు ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరే జిల్లాలయింది 2016లో గానీ అప్పటికన్నీ అందులోవే. పుట్టు చెవుడు పిల్లలకి ఈ ఆపరేషన్ ఆ పథకం కింద చేశారు. మంచిపనే. కానీ ఆపరేషన్‌తో పిల్ల మాట్లాడదు. మాట నేర్పించాలి, నెలల తరబడి. వనపర్తి పక్క పల్లె నుంచి కూలి మానుకుని, చంకన పిల్లతో హైదరాబాదుకి తిరిగే తల్లిని అక్కడి బెంచీ మీద చూశాను. "కూలి పోతే పోనీ అమ్మా, దీని నోట్ల నుంచి ఒక్కసారి అమ్మా అని రావాలె" అంది. నాకు మాటలు ముందే వున్నాయి, పోయినవి వెతుక్కుంటున్నాను, అంతే. ఆ పిల్లకి మొత్తం కొత్త. బస్సు చార్జీ, ఆ రోజు కూలీ కూడా పథకంలో కలిపితే ఎవరి సొమ్ము పోయిందని?

నవలలు రాసేదాన్ని కనక నాకింకో లాభం వచ్చింది. చెవుడున్న యేళ్ళలో నా పాత్రలన్నీ మా మేనత్తల భాషే మాట్లాడేవి. ఇప్పుడు బస్సులో కాలేజీ ఆడపిల్లల మాటలు దొంగతనంగా వింటాను. సగమే అర్థమౌతాయి. ఆ సగం కూడా పత్రికలో వేసుకునేటట్టు వుండవు!

పోయింది మాత్రం పాట. తాళం తెలుస్తుంది, రాగం తెలియదు. మా వీధి మగ్గం చప్పుడు ఎంత బాగా వస్తుందో, హార్మోనియం అంత అన్యాయంగా వస్తుంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు జతచేసే చెయ్యి వుంటుందే, అలాంటిదేదో నా యంత్రంలో యింకా లేదు.

అమ్మ నాకు చెవుడున్న రోజుల్లోనే పోయింది. బతుకమ్మ నాడు ఆమె పాడుతుంటే తమ్ముడు ఫోన్లో పట్టుకున్న మూడు నిమిషాల పాట వుంది. ఇప్పుడు వినొచ్చు. వింటే రేకుడబ్బాలా వస్తుందేమో. వచ్చి, నా తలలో వున్న అసలు గొంతుని చెరిపేస్తుందేమో. "వినక్కా, ఒక్కసారి" అని తమ్ముడు పోయిన ఆదివారం కూడా ఫోను చాచాడు. దసరా వెళ్ళనీరా, అన్నాను.