నాన్నగారి కత్తి చీల

మా నాన్నగారికి పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయిన నాటినుండి వారికి గడ్డము గీయు పని మాకు వచ్చినది. అరువదియేండ్లు తెల్లవారకమునుపే తమ గడ్డమును తామే గీసికొనిన మనిషి వారు. మొదట మేము మా యబ్బాయి వాడుకొను సేఫ్టీ రేజరుతో ప్రయత్నించితిమి. వారు మాటాడక ముఖమును గోడవైపునకు త్రిప్పుకొనిరి. మరునాడు బీరువాపైనున్న చెక్కపెట్టెను దించి, మా తాతగారినాటి మడతకత్తిని వెలికి దీసితిమి. నల్లని గేదెకొమ్ము పిడి, అలుగు మొదట షెఫీల్డు ముద్ర. చూచుటకు బాగుగనే యున్నది గాని కత్తి తెరచుకొనలేదు.

సోదరీమణులలో పెద్దవారు ఇట్టి కత్తిని చూచియే యుందురు. అలుగుతోకలో నొక రంధ్రముండును. రెండు కొమ్ముబద్దల నడుమ దానినుంచి మూటిని గ్రుచ్చి యొక సన్నని చీలను దిగవేయుదురు. చీలకు రెండువైపుల చిన్న బిళ్ళలు, వానిపై సుత్తితో మెల్లగా మొత్తి గుండ్రముగా చేసిన తలలు. బండికి ఇరుసెట్టిదో ఈ కత్తికి చీల యట్టిది. ఇదియంతయు మేము తరువాత నేర్చినది. ఆనాడు మాకు తెలిసినది ఒక్కటే: బిగిసినదానికి నూనె వేయవలెను. వంటింటి నువ్వులనూనె నాలుగు చుక్కలు పోసితిమి; వదులైనది. మా తెలివికి మేమే సంతసించితిమి.

ఆ సంతోషము పదిదినములు నిలువలేదు. ప్రతిదినము పని కాగానే కత్తినంతటిని వేడినీళ్ళ చెంబులో ముంచి, అలుగు మాత్రము తుడిచి మడచి పెట్టుచుంటిమి. చీల మరల బిగియనారంభించినది. ఒకనాటి యుదయమున బలము చేసి లాగగా, రాననిరానని యొక్కపెట్టున వచ్చి మా బొటనవ్రేలిని లోతుగా తెగగోసినది. నెత్తురు నాన్నగారి తుండుగుడ్డపై పడెను. మాట తడబడుచున్నను వారు, "ఇక వద్దమ్మా, గడ్డము పెరగనీ" అనిరి. ఆనాటినుండి అద్దమును కూడ అడుగుట మానిరి. మా వ్రేలి గాయముకంటె ఆ మాటయే మమ్ము నెక్కువ బాధించినది.

నేడు క్షౌరశాలలలో సగము విరిచిన బ్లేడును పెట్టి, ఒకరికి వాడినదానిని పారవేయు కత్తులే కనబడుచున్నవి. రోగములు నెత్తురు ద్వారా ఒకరినుండి యొకరికి అంటునని తెలిసిన పిమ్మట అది మంచిదే. కాని పాతకత్తి మర్మము తెలిసినవారు అరుదైపోయిరి. మా వీధి చివర, పనిని కుమారునికి అప్పగించి అరుగుపై కూర్చుండు వృద్ధుడొక్కడు మాకు దొరికెను. కత్తిని వెలుగుకెత్తి చూచి ఆయన నవ్వెను.

"తినే నూనె పోశావా అమ్మా?"

"పోశాను తాతా. తప్పా?"

"నూనె తప్పు కాదు, ఆ నూనె తప్పు. గాలి తగిలి బంకైపోతుంది. దాని మీద దుమ్ము, సబ్బు. లోపల నీళ్ళు. ఇంకేముంది, తుప్పే."

నిజమే. అలుగునకును బద్దకును నడుమ సందు వెండ్రుకంత. అందులో దూరిన నీరు తనంతట తాను త్వరగా ఆరదు. ఈ పాతకత్తుల ఉక్కు మన వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలు వంటిది కాదు; తడి తగిలిన త్రుప్పు పట్టును. వేడినీరు కొమ్మునకును చెరుపే, బద్దలు వంగిపోవును.

ఆయన మొదట వాదరకు గుడ్డ చుట్టి దారముతో కట్టెను. ఈ పని చేయకుండ చీలను ముట్టరాదనెను. మా బొటనవ్రేలు అందులకు సాక్షి. పిదప చీపురుపుల్లకు దూది చుట్టి, కిరసనాయిలులో తడిపి, చీల యిరుప్రక్కల సందులలో ఆడించెను. బంక కరిగి గోధుమరంగు మురికి వచ్చెను. కత్తిని తెరచి మూయుచు, దూది మార్చుచు, దూది తెల్లగా వచ్చువరకు అట్లే చేసెను. తరువాత సన్నని నూలుగుడ్డ పీలికను సందులో దూర్చి, రెండు కొసలు పట్టి ఇటునటు లాగి తుడిచెను. కడపట కుట్టుమిషనుకు వేయు నూనెను సూదిమొనతో ఒక్కొక్క ప్రక్క ఒక్క చుక్క. అది ఖనిజతైలము గనుక బంక కట్టదు. మిగిలినదానిని తుడిచివేసెను. కిరసనాయిలు పొయ్యిదరి వాడరాదని వేరుగ చెప్పనక్కరలేదు గదా!

శుభ్రమైన పిదప చీల వదులుగా తోచెను. సగము తెరచి పట్టుకొనగా అలుగు తన బరువునకే జారిపోవుచుండెను. ఇది బిగిసినదానికంటె ప్రమాదమట. ఆయన చీలతలను ఇనుపదిమ్మెపై నుంచి, చిన్నసుత్తితో తట్టీతట్టనట్లు మూడు దెబ్బలు వేసి, తెరచి చూచి, మరి రెండు వేసెను. ఈ పని మాత్రము మేమింట చేయబూనలేదు. ఒక దెబ్బ ఎక్కువైన కొమ్ము పగులును.

అదే పెట్టెలో మా పినతండ్రిగారి సెల్యులాయిడు పిడి కత్తి యొకటి కర్పూరపువాసన వేయుచుండెను. ఆ పదార్థము ముదిరి చెడునపుడు ఆమ్లపు ఆవిరి వెలువడి ప్రక్కనున్న ఉక్కును తినివేయునట. దాని అలుగంతయు మచ్చలే. దానిని వేరుచేసి దూరముగ నుంచితిమి.

ఇపుడు కత్తిని నీట ముంచుట లేదు. అలుగును మాత్రము తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, సందులో పీలికను లాగి, పిల్లల కందని యెత్తున అరగంటసేపు తెరచి ఆరనిచ్చి మడచుచున్నాము. నూనె చుక్క నెల కొకమారు.

బాగుచేసి తెచ్చిననాడు కత్తిని మడచియే నాన్నగారి యెడమచేతి కిచ్చితిమి. వారు దానిని ఒడిలో నానించి బొటనవ్రేలితో తోకను నొక్కిరి. అలుగు మెల్లగా లేచి సగములో నిలిచెను. చాలసేపు దానివంక చూచి, మడచి మా చేతికిచ్చి గడ్డము పైకెత్తిరి. ఆనాటినుండి పని ముగిసి కత్తి పెట్టెలోనికి పోవునపుడెల్ల వారి ప్రశ్న యొక్కటే: "అమ్మాయీ, చీల తుడిచితివా?"