నట్టల మందు

నజఫ్‌గఢ్ దాటి పడమటికి పోయేవారికి ఢిల్లీ నగరం ఎక్కడ ముగిసినదో తెలియదు. గోధుమచేలు, గోదాములు, మూడంతస్తుల మేడలు, గేదెల పాకలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటవి. పూర్వం రెవిన్యూ అధికారులు గ్రామకంఠం చుట్టూ పటంలో ఒక ఎర్రగీత గీచేవారు. 'లాల్ డోరా' అనే ఆ మాట 1908 నాటిది. నగరం వచ్చి చుట్టుకొన్నప్పటికీ, ఆ గీత లోపలి ఇళ్ళలో పల్లెటూరు ఇంకా పూర్తిగా చావలేదు. అటువంటి ఒక ఇంటి పెరటిలో, ఉద్యోగవిరమణ చేసిన ఒక తెలుగు గుమాస్తాగారి భార్య ఆరు కోళ్ళను పెంచుతున్నది.

ఆరింటిలో నాలుగు గుడ్లు పెట్టేవి; రెండు ఇంకా మూడు నెలలు నిండని పిల్లలు. పెట్టలలో రెండు ఊరి కోళ్ళు. తక్కిన రెండూ 'నిర్భీక్' అనే సంకరజాతివి. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో 1979లో ఏర్పడిన కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ ఆ జాతిని తీర్చి దేశానికి ఇచ్చినది. దానిలో అసీల్ రక్తం ఉన్నది. అసీల్ అంటే ఎక్కడిదో కాదు, సంక్రాంతి నాడు గోదావరి జిల్లాలలో కాలికి కత్తి కట్టించుకొని బరిలో దిగే మన పందెపుకోడి. భయమెరుగనిదని ఆ హిందీ పేరుకు అర్థం. ఈ రెండింటిలో పొడుగుపాటి దానికి ఇల్లాలు దొరసాని అని పేరు పెట్టినది. ఒకసారి అది పిల్లిని గోడ దాకా తరిమిన సంగతి ఆ వీధివారందరికీ తెలుసు.

వానాకాలం చివర, భాద్రపదంలో, ఆ దొరసాని నీరసించినది. తురాయి ఎరుపు తగ్గి పాలిపోయినది. చేతిలోకి తీసుకొని రొమ్ము తడిమితే ఎముక కత్తివాదరలాగా తగిలినది. గుడ్డు పెట్టడం మానినది. మూడవనాటి ఉదయం పెంటలో సేమ్యా పోగువంటి తెల్లని పురుగు ఒకటి, జానెడులో సగం పొడుగుది, కదులుతూ కనిపించినది.

పక్కింటి గేదెల ఆసామి గోడ మీదినుంచి తొంగిచూచి, "పేట్ మే కీడే హై, బెహన్‌జీ. సబ్‌కో దవా దే దో" అన్నాడు. కడుపులో పురుగులున్నవి, అన్నిటికీ మందు వేసేయమని ఆయన సలహా. హిందీలో కీడా అంటే పురుగు. తెలుగులో కీడు అంటే చెరుపు. ముప్పై యేళ్ళు ఢిల్లీలో కాపురమున్నా ఆ మాట విన్నప్పుడల్లా ఇల్లాలికి రెండర్థాలూ ఒక్కసారే స్ఫురిస్తవి. ఆమె పుట్టిన ఊరిలో గొర్రెలకాపరులు వాటిని నట్టలు అనేవారు. యేటేటా తొలకరికి మందకంతా నట్టల మందు పోసేవారు. అందుచేత అన్నిటికీ మందు వేయడమన్నది ఆమెకు కొత్త విషయమేమీ కాదు.

ఐతే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆ ఇంట్లో మనుమరాలు ఒకతె ఉన్నది. ఎనిమిదేళ్ళది, రక్తం తక్కువ. రోజూ ఒక గుడ్డు పెట్టమని వైద్యుడు చెప్పినాడు. కోడికి వేసిన మందు ఎంతో కొంత గుడ్డులోకి దిగుతుంది. అది పోయేదాకా ఆ గుడ్లు తినరాదు. ఎన్నాళ్ళన్నది మందును బట్టి ఉంటుంది, సీసా మీద చూచుకోవలసినదే. అన్నిటికీ ఒక్కసారే వేస్తే ఇంట్లో గుడ్డు ఉండదు. వేయకపోతే దొరసాని దక్కదేమో.

గుమాస్తాగారి వాదం వేరు. బజారు గుడ్లు తెచ్చుకొంటే సరిపోదా అని ఆయన ప్రశ్న. ఆయన మాటలో అబద్ధం లేదు. హర్యానాలోని బర్వాలా ప్రాంతంలో పంజరాలలో పెరిగే కోళ్ళకు ఏలికపాములు అరుదు. పెంట కింద పడిపోతుంది, ముక్కుకు అందదు. పురుగు గుడ్డు మళ్ళీ కడుపులోకి పోయే దారి లేదు. ఇరుకు పంజరాలను ఐరోపా దేశాలు 2012లో నిషేధించిన తరువాత, నేల మీద తిరగడానికి నోచుకొన్న కోళ్ళలో ఈ పురుగులు మళ్ళీ హెచ్చినవి. మన్ను గీరుకొని, ఎండలో దుమ్ముస్నానం చేసి, ఇష్టమైనది ఏరుకొని తినే కోడికి ఆ స్వేచ్ఛతోపాటు పురుగు కూడ ప్రాప్తిస్తుంది. ఇల్లాలు మాత్రం పంజరం మాట వినదు. పంజరంలో కోడిని చూడడంకన్న కోడి లేకపోవడమే మేలని ఆమె అభిప్రాయం. ఈ విషయంలో ఆమెను తప్పుపట్టడం కష్టం.

మనుమరాలు మరొక ప్రశ్న లేవదీసినది. బడిలో అందరికీ మాత్ర మింగించినారు కదా, ఎవరి కడుపూ పరీక్షించలేదు కదా, కోళ్ళకు మాత్రం ఇంత ఆలోచన ఎందుకని. పిల్ల అడిగినదైనా తీసిపారవేయదగిన ప్రశ్న కాదు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినాలలో, ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో, పిల్లలకు ఆల్బెండజోల్ ఇస్తున్నారు. ప్రతి బిడ్డనూ పరీక్షించడానికయ్యే ఖర్చుకన్న మాత్ర చవక, అది నిరపాయమైనది. ప్రాంతంలో ఎందరికి పురుగులున్నవో ముందు సర్వేలు చేసి చూచినారు. అంటే, పరీక్ష లేదని కాదు. దేశం పేరుమీద పరీక్ష జరిగినది. ఆరు కోళ్ళ పెరటికి ఆ పరీక్ష ఎవరూ చేసి పెట్టరు.

చూడకుండా యేటేటా అందరికీ పోసిన మందు ఏమవుతుందో గొర్రెలు చెప్పినవి. థయాబెండజోల్ అనే కొత్త మందు 1961లో వచ్చినది. మూడేళ్ళు తిరగకుండా, 1964లోనే, దానికి లొంగని పురుగులు గొర్రెలలో బయటపడినవి. ఆ కుటుంబానికే చెందిన ఫెన్‌బెండజోల్‌కు అమెరికాలోని టర్కీకోళ్ళ ఏలికపాములు కొన్ని లొంగడం లేదని 2019లో తేలినది. మందు చచ్చేవాటిని చంపి, చావనివాటికి చోటు ఖాళీ చేస్తుంది. పుట్టింటి గొర్రెలకాపరులకు ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే మందకంతా పోసేవారు కారేమో.

పశువైద్యశాలలో డాక్టరు దొరసానిని చూచి, ఆరింటి పెంటా వేరువేరుగా తెమ్మన్నాడు. మరునాడు ఇల్లాలు ఆరు పొట్లాలు కట్టి, ఒక్కొక్కదాని మీద ఆ కోడి పేరు తెలుగులో వ్రాసి తీసుకుపోయినది. అక్కడి కాంపౌండరు వాటిని అటూ ఇటూ త్రిప్పి చూచి, చివరకు తానే ఒకటి, రెండు అని అంకెలు వేసుకొన్నాడు. పరీక్ష పెద్ద విద్య కాదు. ఉప్పు ఇక కరగనంత చిక్కగా కలిపిన నీటిలో పెంటను కలియబెట్టి వడకట్టి, గొట్టం నిండా పోసి, పైన చిన్న గాజుపలక ఒకటి మూస్తారు. పురుగు గుడ్లు ఉప్పునీటికన్న తేలిక. పైకి తేలి పలకకు అంటుకొంటవి. కొంతసేపాగి దానిని సూక్ష్మదర్శిని కింద పెట్టడమే. దొరసాని పొట్లంలోనూ, పిల్లల పొట్లాలలోనూ గుడ్లు దండిగా కనిపించినవి. తక్కిన మూడు పెట్టలలో ఒకటి రెండు, లేదా లేనే లేవు.

ఇది వింత కాదు. మూడు నెలలు దాటి, తిండి బాగున్న కోడి ఈ పురుగును చాలావరకు తట్టుకొంటుంది, లేతవయసుదే నలిగిపోతుంది. దొరసాని పెద్దదై ఉండి ఎందుకు లొంగిపోయినదో డాక్టరు చెప్పలేదు. ఏ కోడి ఎందుకు బలహీనపడుతుందో అన్నివేళలా తెలియదు.

ఆయన పైపరజీన్ వ్రాసి ఇచ్చినాడు. 1950లనాటి పాతమందు. అది పురుగును చంపదు. దాని కండరాలను పట్టుతప్పిస్తుంది, పేగు దానిని బయటికి నెట్టివేస్తుంది. పేగుగోడలో దాగిన పిల్లపురుగుల జోలికి అంతగా పోదు, కనుక కొన్ని వారాలకు మళ్ళీ వేయవలసి రావచ్చును. నేలలోని గుడ్లను ఏ మందూ తాకదు. పెంటలో పడిన గుడ్డు తడిలో, వెచ్చదనంలో రెండు మూడు వారాలకు పక్వమై, కోడి కడుపులో పడిన తరువాత అయిదు నుంచి ఎనిమిది వారాలకు తాను గుడ్లు పెట్టే పురుగవుతుంది. ఢిల్లీ వానాకాలం దానికి పెట్టిన పొదుగుగంప. జ్యేష్ఠమాసపు ఎండ ఒక్కటే దానికి శత్రువు. మందు గురించి ఆలోచించినంతగా మన్ను గురించి ఎవరూ ఆలోచించరు.

ఇల్లాలు మన్ను గురించే ముందు ఆలోచించినది. గింజలు నేలమీద చల్లడం మాని తొట్టిలో పోసినది. నీటికుండ చుట్టూ ఉన్న బురద తీయించి ఇటుకలు పరిపించినది. గూటిలోని తడిసిన గడ్డి తీసి దూరంగా గొయ్యి తవ్వి పూడ్పించినది. అప్పుడు మందు, అదికూడ మూడింటికే. తక్కిన మూడు పెట్టల గుడ్లు మనుమరాలికి యథాప్రకారం వచ్చినవి. గుడ్డులో పురుగు ఉంటుందా అని పిల్ల భయపడినది. ఎప్పుడో ఒకసారి ఉంటుంది. వెనుకదారిన గర్భనాళంలోకి ఎక్కిన పురుగు గుడ్డుతోపాటు పెంకులో చిక్కుకొంటుంది. మనిషికి దానివల్ల జబ్బు రాదు. ఐనా అమ్మమ్మ ప్రతి రాత్రీ గుడ్డును దీపానికి అడ్డుపెట్టి చూచి మరీ లోపల పెట్టినది.

పురుగులు మరీ ఎక్కువగా ఉంటే, పట్టుతప్పిన పురుగుల ముద్ద పేగుకు అడ్డుపడి కోడి చావవచ్చునని డాక్టరు ముందే చెప్పినాడు. అందుచేత మందు వేసిన రాత్రి ఆమెకు నిద్ర లేదు. దొరసానిని గంప కింద వార్తాపత్రిక మీద మూసిపెట్టినది. తెల్లవారి గంప ఎత్తి చూస్తే హిందీ అక్షరాల మీద పందొమ్మిది పురుగులు. దొరసాని కళ్ళు మూసుకొని నిలబడి ఉన్నది. మధ్యాహ్నానికి నాలుగు గింజలు ముట్టినది. గుడ్డు మాత్రం ఇంకా పెట్టలేదు.

పద్నాలుగవనాడు మందు పనిచేసినదో లేదో చూడడానికి మళ్ళీ పొట్లాలు కట్టినది. ఈసారి పేర్లు నాగరిలో వ్రాసినది. దొరసాని అని వ్రాయబోయి, కాంపౌండరుకు అర్థమవుతుందో కాదో అని కాస్త ఆగి, కింద 'మేమ్ సాహెబ్' అని కూడ చేర్చినది.