ఆఖరి చూపు

2021 మే నెల. కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజులు. మా వీధి చివరింటి బాబాయిగారు ఆసుపత్రిలో పోయారని సాయంత్రం తెలిసింది. ఏటా ఆవకాయ కలిపేటప్పుడు పిన్నిగారి చెయ్యి పడాల్సిందే మా ఇంట్లో. అలాంటిది ఆ సాయంత్రం నేను గుమ్మం దాటలేదు. "ఇంట్లో అమ్మ ఉంది, జాగ్రత్త" అన్నారు మావారు. నిజం చెప్పొద్దూ, ఆయన అనకపోయినా నేను వెళ్లేదాన్ని కాదు.

రాత్రి ఫోన్ చేశాను. పిన్నిగారికీ జ్వరమే, గదిలో ఒక్కరే ఉన్నారు. ఏడవలేదు. "ముఖమన్నా చూపిస్తారంటావా అమ్మాయ్?" అని అడిగారు. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారగానే నర్సుగా చేస్తున్న మా ఆడపడుచుని అడిగాను. "ఎందుకు చూపించరు వదినా? 2020 మార్చిలోనే కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది" అంది. సిబ్బంది సంచి జిప్పు తీసి ముఖం చూపించవచ్చట. ముట్టుకోకుండా మంత్రాలు చదవచ్చు, తీర్థం చల్లవచ్చు. స్నానం చేయించడం, మీద పడి ఏడవడం మాత్రం కూడదు. అస్థికలతో ఏ భయమూ లేదు. పదిమందీ గుమిగూడితేనే ఒకరినుంచి ఒకరికి అంటుకునే ప్రమాదం.

వెంటనే పిన్నిగారి అబ్బాయికి చెప్పాను. శ్మశానంలో సిబ్బందిని బతిమాలితే జిప్పు తీశారు. అతను దూరంగా నిలబడి ఫోన్‌లో తల్లికి చూపించాడు. "నిద్రపోతున్నట్టే ఉన్నారు" అన్నారట పిన్నిగారు. అప్పుడు ఏడ్చారట, బావురుమని. అస్థికలు ముట్టుకోవడానికి జంకిన ఆ పిల్లాడే మూడోరోజు ధైర్యంగా సంచయనం చేశాడు.

ఆ పదిరోజులూ కారియర్‌లో అన్నం, చారు, పెసరకట్టు వాళ్ల గేటు దగ్గర పెట్టి, వెనక్కి వచ్చి ఫోన్ చేసేదాన్ని. తిన్నారో లేదో కనుక్కునేదాన్ని. మూడోరోజుకి మరో ఇద్దరు ఇల్లాళ్లు వంతులు వేసుకున్నారు.

ఒక్కో అంటురోగానికి ఒక్కో జాగ్రత్త ఉంటుంది. అందుకే ముందు డాక్టర్లనో నర్సులనో అడగండి. ఏది కూడదో తెలిస్తే, ఏది చెయ్యవచ్చో కూడా తెలుస్తుంది. భయంతో తలుపు వేసుకుంటే రెండూ తెలియవు.

పిన్నిగారు ఇప్పటికీ మా ఆవకాయ కలుపుతారు. ఆ మొదటి సాయంత్రం ఎందుకు రాలేదని ఒక్కసారీ అడగలేదు. అడిగి నాలుగు చీవాట్లు పెడితే బాగుండునని నాకుంటుంది.